మొదట ఆగిన మగ్గం

దరఖాస్తు కాగితంలో 'సహకరించినవారు' అన్న చోట హిమజ 'ఎవరూ లేరు' అని రాసింది. రాసి, పెన్నుకు మూత పెట్టి, ఆ రెండు మాటల వైపు ఒకసారి ముచ్చటగా చూసుకుంది.

ముచ్చట పడటంలో తప్పేమీ లేదు. ప్రొద్దుటూరులోని ఆ చిన్న మీడియా కాలేజీలో ఆమె తరగతి వాళ్ళంతా నలుగురేసి, ఐదుగురేసి జట్లు కట్టి పాటలు తీశారు. జట్లన్నీ కొట్టుకున్నాయి, అలిగాయి, రెండు జట్లయితే సగంలోనే చేతులెత్తేశాయి. హిమజ మాత్రం మొదటిరోజే "నాకు జట్టు వద్దు" అనేసింది. కెమెరా తనే మోసింది. ఎండ చూసుకున్నదీ తనే, ఎడిటింగ్ చేసిందీ తనే, చివర్లో రంగులు దిద్దిందీ తనే. క్లాప్ కొట్టే మనిషి కూడా లేక, కెమెరా ఆన్ చేసి ముందుకి పరుగెత్తి, తన రెండు చేతులూ తనే చరిచి, మళ్ళీ కెమెరా వెనక్కి పరుగెత్తేది. అలా నలభైమూడు సార్లు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ సంఖ్య చెప్పేది.

పాట పాడింది కెజియా అనే స్నేహితురాలు. ఎండిపోయిన పెన్నానదిని పట్టుకుని 'ఎప్పుడొస్తావే' అని నిలదీసే పాట. పాడిన కెజియా పేరూ, బాణీ కట్టిన కుర్రాళ్ళ పేర్లూ దరఖాస్తులో వేరే గడిలో ఉన్నాయి కాబట్టి ఆ విషయంలో హిమజ ఎవరికీ అన్యాయం చేయలేదు.

పాట తీయడానికి ఆమె మగ్గాల వీధిని ఎంచుకుంది. గోడల పొడుగునా ఆరేసిన రంగు నూలు, వాటి మధ్య కెజియా ఎర్ర ఓణీ. కళ్ళు చెదిరిపోతాయని ఆమెకు మొదటి చూపులోనే తెలిసిపోయింది. నాలుగు రోజులు తీసింది. వీధిలోకి అడుగుపెట్టకముందే పెద్ద హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, పాటలో మునిగిపోయి పనిచేసేది. కెజియా కోసం ఒక చిన్న స్పీకరు పక్కన పెట్టేది. కెజియా ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయింది. హిమజకి వినబడలేదు.

కాలేజీ నుంచి ఈ ఏడు ఒకే ఒక్క పాటను ఎంపిక చేస్తారు. దాన్ని తీసినవాళ్ళకి హైదరాబాదులో ఒక స్టూడియోలో ఆరు నెలలు పని నేర్చుకునే అవకాశం. ఆ ఆరు నెలల కోసం హిమజ రెండేళ్ళుగా కలలు కంటోంది. నిడివి నాలుగు నిమిషాలు దాటకూడదు. శనివారం సాయంత్రం ఐదింటి లోపల అందజేయాలి. దరఖాస్తు మీద దస్తగిరి సార్ సంతకం ఉండాలి. శుక్రవారం పొద్దునకి ఆ సంతకం ఒక్కటే మిగిలింది.

దస్తగిరి సార్ మద్రాసులో ముప్ఫై ఏళ్ళు ఫిల్ము కత్తిరించిన మనిషి. రీలును కత్తెరతో కోసి అతికించే కాలంలో పని నేర్చాడు. నూరు సినిమాలకు పైనే ఆ చేతుల మీదుగా వెళ్ళాయి. తెర మీద ఆయన పేరు పడింది రెండిటికే. ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. భుజాన ఎప్పుడూ ఒక టువాలు ఉంటుంది. మాటలు పొదుపు.

హిమజ పాట పెట్టింది. ఆయన నాలుగు నిమిషాలూ కదలకుండా చూశాడు.

"శుభ్రంగా ఉండాది," అన్నాడు. "ఆ మిద్దెల మీద పరుగు ఎవురు తీసినారు?"

ఈ ప్రశ్న కోసమే హిమజ కాచుకుని ఉంది.

"నేనే సార్! కెమెరా ఒక చేత్తో పట్టుకోని నాలుగు మిద్దెలు దూకినా. ఇరవై ఆరు సెకన్లు, మధ్యలో ఒక్క కట్ లేదు."

"కాలు జారింటే?"

"జారలేదు గద సార్."

ఆయన మీసాల కింద నవ్వు వచ్చి పోయింది. దరఖాస్తు అందుకుని, జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, పై నుంచి చదువుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగాడు.

"ఎవురూ లేరా?"

"లేరు సార్. అంతా నేనొక్కదాన్నే."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

"క్లాప్ కొట్టేదానికి ముందర ఉండే ముక్కలు ఏం చేసినావు?"

"కోసి పక్కన పడేసినా సార్. వాటిల్లో ఏముంటాది, నేను కెమెరా సర్దుకునేది, పరుగెత్తేది."

"వాటి సౌండు?"

"అది పనికొచ్చే సౌండు కాదు సార్. క్లాప్ యాడ పడిందో తెర మీద సౌండు గీత చూసి పట్టుకున్నా. స్టూడియోలో రికార్డు చేసిన పాటను దానికి కలిపి, ఆ సౌండు మ్యూట్ చేసేసినా. ఒక్కసారి గూడా వినే పని పడలేదు."

ఆ చివరి మాట ఆమె గర్వంగానే చెప్పింది. పని తెలిసినవాళ్ళు అలాగే చేస్తారు మరి.

"ఆ ముక్కలన్నీ ఒకదాని ఎనక ఒకటి అతికించి పెట్టు. నేను జుమ్మా నమాజుకు పోయొస్తా," అని ఆయన లేచాడు.

"అతికిస్తే ఏమొస్తాది సార్?"

ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

హిమజకి ఒళ్ళు మండింది. రేపు సాయంత్రానికి ఇవ్వాల్సిన పని దగ్గర పెట్టుకుని ఈ చెత్తంతా ఏరడం ఏమిటని గొణుక్కుంది. గొణుక్కుంటూనే చేసింది, ఎందుకంటే సంతకం ఆయనదే. పని మాత్రం చకచకా సాగింది. ఏ పని చేసినా ఆమె చేతులకి వేగం ఉంది, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. నలభైమూడు ముక్కలూ అతికేసరికి పద్నాలుగు నిమిషాలు వచ్చింది. అలవాటు కొద్దీ అప్పుడు కూడా మ్యూట్‌లోనే చేసింది.

దస్తగిరి సార్ తెల్ల టోపీతోనే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. భుజం మీది టువాలు తీసి, దులిపి, కంప్యూటర్ తెర మీద నిండుగా కప్పాడు.

"సార్, బొమ్మ కనపడదు!"

ఆయన మ్యూట్ తీసి, స్పీకర్లు పెంచి, మీట నొక్కాడు.

టకటకటక. గది అదిరింది. ఒకటి కాదు, పది కాదు, వీధి వీధంతా మగ్గాలు ఆడుతున్న చప్పుడు. ఆ చప్పుడులోంచి హిమజ గొంతే గట్టిగా వినిపించింది. "రెడీ కెజియా!"

ఆ వెంటనే ఒక ముసలి గొంతు. "ఆపండప్పా, పాప పాట పెడతాంది!"

ఒక మగ్గం ఆగింది. తర్వాత రెండు. తర్వాత నాలుగైదు. వీధి చివర్లో ఎక్కడో ఒకే ఒక్క మగ్గం ఇంకా కొట్టుకుంటోంది. ఎవరో పరుగున పోయిన అడుగుల చప్పుడు. అదీ ఆగింది. ఎక్కడో ఒక కాకి అరిచింది. అప్పుడు క్లాప్.

మళ్ళీ టకటకటక. "రెడీ కెజియా!" "ఆపండప్పా!" ఒకటి, రెండు, నాలుగు, చివర్లో ఒకటి. నిశ్శబ్దం. క్లాప్.

హిమజ కుర్చీలో ముందుకు జరిగింది. ఆరోసారి ఒక మగ గొంతు విసుక్కుంది. "ఇంగెన్ని సార్లు ఆపల్ల మే?" ముసలి గొంతు కసిరింది. "ఊరుకోప్పా, సదువుకునే బిడ్డ."

ఇరవై దాటాక ఆ ముసలి గొంతుకి చెప్పే పని లేకపోయింది. "రెడీ" అన్న మాట వినపడితే చాలు, మగ్గాలు వాటంతట అవే ఆగిపోతున్నాయి. ముప్ఫై ఒకటో ముక్క ఎందుకు తీయాల్సి వచ్చిందో హిమజకి బాగా గుర్తుంది. కెజియా ముంగురులు ఎడమ వైపు పడాల్సినవి కుడి వైపు పడ్డాయి. ఆ ముంగురుల కోసం కూడా వీధి మొత్తం ఆగింది.

ముప్ఫై ఎనిమిదో ముక్కలో మగ్గాలన్నీ ఆగాక, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళు మాట్లాడినట్టే గొంతు చించుకుని, హిమజ కెజియాతో అంటోంది. "ఈ వీధి భలే ప్రశాంతంగా ఉంటాది మే! మనకోసమే కట్టినట్టుండాది!"

గదిలో ఉన్న హిమజకి చెవులు కాలిపోయాయి. మీట మీదికి చేయి పోయింది. దస్తగిరి సార్ ఆ చేతిని ఆపలేదు, ఆమె వైపు చూడనూ లేదు. ఆ చేయి దానంతట అదే వెనక్కి వచ్చింది. మిగిలిన ఐదూ కూడా ఆమె చివరిదాకా విన్నది.

అంతా అయ్యాక ఆయన టువాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"మొదట ఆగిన మగ్గం ఎవురిది పాపా?"

హిమజ నాలుగు రోజులు ఆ వీధిలో తిరిగింది, ఏ గోడ మీద ఎన్ని గంటలకి ఎండ పడుతుందో నిమిషాలతో సహా చెప్పగలదు. ఒక్క మనిషి పేరు కూడా తెలియదు.

"తెలుసుకోని రా. సంతకం పెడతా," అని ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున్నే హిమజ మగ్గాల వీధికి పోయింది. కెమెరా లేదు, హెడ్‌ఫోన్లు లేవు, చేతిలో ఒక నోటుపుస్తకం మాత్రం ఉంది. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు ఆమెను నిలువునా తాకింది. ఇంత చప్పుడు మధ్య తను నాలుగు రోజులు పని చేసిందంటే తనకే నమ్మకం కలగలేదు. ఏమని అడగాలో, మొదట ఎవరిని అడగాలో తెలియక, మెల్లగా నాలుగడుగులు వేసింది.

మూడో ఇంట్లో, కిటికీ పక్కన, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నీలం చీర నేస్తున్న ముసలావిడ తలెత్తింది. హిమజని చూసింది. పోగుల మధ్యకి నాడె విసరబోయిన చేయి ఆగింది.

ఎదురింటి మగ్గం ఆగింది. పక్కవి రెండు ఆగాయి. తర్వాత నాలుగైదు. ఎవరో కోడలు గడప దాటి వీధి చివరికి పరుగెత్తింది. అక్కడ మూలింటి మగ్గం పుల్లయ్యది, ఆయనకి చెవుడు, భుజం తట్టి చెప్పాలి. అదీ ఆగింది. వీధి మొత్తం ఆగిపోయింది.

హిమజ వీధి మధ్యలో నిలబడిపోయింది.

"ఏం పాపా, ఈపొద్దు ఆ ఎర్ర ఓణీ బిడ్డ రాలేదా? పాట లేదా?" అంది ముసలావిడ కిటికీలోంచి.

"లేదవ్వా," అంది హిమజ. "పాట అయిపోయింది. మీరు నేయండి. నేను ఊరికే వినేదానికి వచ్చినా."

ముసలావిడ ఆమె వైపు వింతగా చూసింది. మగ్గం చప్పుడు వినడానికి వచ్చే మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అయినా "కూర్చో అయితే" అని నాడె అందుకుంది. ఒకటి తర్వాత ఒకటి మగ్గాలు మొదలయ్యాయి. అన్నిటికన్నా ఆఖర్న పుల్లయ్యది.

హిమజ ఆ ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత గడప గడపా తిరిగింది. ఒకరు మంచినీళ్ళిచ్చారు, ఒకరు విసుక్కున్నారు, ఆరో ముక్కలో విసుక్కున్న ఆయనే ఇప్పుడూ విసుక్కున్నాడని గొంతుని బట్టి గుర్తుపట్టింది. ఆయన పేరు కూడా రాసుకుంది.

మధ్యాహ్నం కాలేజీలో ఆమె ఎడిటింగ్ కంప్యూటర్ ముందు కూర్చుంది. పాటకి ముందు మగ్గాలు ఆడాలి, ఒక్కొక్కటే ఆగాలి, చివరిది కూడా ఆగాకే కెజియా గొంతు విప్పాలి. దానికి ఇరవై ఆరు సెకన్లు కావాలి. నాలుగు నిమిషాలు దాటితే పాట తీసుకోరు. మిద్దెల మీద పరుగును ఆమె ఒక్కసారి మాత్రం తిరగేసి చూసుకుంది. ఎంత బాగా తీసింది! ఆ మాట నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. దాన్ని ఎత్తి చెత్తలో పడేసింది.

నాలుగున్నరకి దస్తగిరి సార్ ముందు కొత్త దరఖాస్తు పెట్టింది. 'సహకరించినవారు' అన్న గడి చాలక పేర్లు కాగితం వెనక్కి తిరిగాయి. పాట ఉన్న పెన్‌డ్రైవ్ పక్కన పెట్టింది. ఈసారి ఎలా ఉందని అడగలేదు.

"ఎవురిది?" అన్నాడాయన.

"ఓబుళమ్మది సార్. మూడో ఇల్లు. నీలం చీర నేస్తాంది."

ఆయన పెన్ను మూత విప్పి సంతకం పెట్టాడు. కాగితం ఆమె చేతికిచ్చాడు.

"సార్, పాట చూడకుండానే పెట్టేసినారా?"

దస్తగిరి సార్ టువాలు దులిపి భుజాన సర్దుకున్నాడు.

"చూసేదేముంది పాపా. వింటి గదా."