బూడిదరంగు చిందీ

పైడిరాజు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. విజయనగరం శివార్లలో ఉన్న ఆ చిన్న రైఫిల్ రేంజిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్ళు తుపాకులు బాగుచేసి వచ్చిన మనిషి ఆయన. నోటికంటే చేతినే ఎక్కువ నమ్ముతారు. "నాకు గురి ఎందుకు కుదరడం లేదు మాస్టారూ?" అని ఎవరో పెద్దమనిషి అడిగిన పాపానికి, వారం రోజులపాటు తుపాకీ ముట్టనివ్వకుండా ఆయన్ని చాపమీద బోర్లా పడుకోబెట్టి, ఊపిరి తీయడం వదలడం నేర్పారు. అందుకని తెలివైనవాళ్ళు ఆయన్ని ప్రశ్నలు అడగరు. గౌరీశ్వరి తెలివైనదే గానీ, ఆ శుక్రవారం ఉదయం ఆమెకి అడగక తప్పలేదు.

ఆదివారం జట్ల పోటీ ఉంది. జట్టుకి ముగ్గురు ఆడవాళ్ళు కావాలి. కుసుమ సంతకం పెట్టింది, మూడో ఆమె పెట్టింది, గౌరీశ్వరి ఒక్కతే పెట్టలేదు. సాయంత్రం ఐదింటిలోగా ఆ కాగితం వెళ్ళకపోతే ఇక జట్టు లేనట్టే. కాగితం మీద పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? గౌరీశ్వరికి మాత్రం ఏడాది నుంచీ పడుతూనే ఉంది.

పోయినేడు గుంటూరు పోటీలో ఆమె చివరి గుండు పదికి బదులు ఏడు పాయింట్ల వలయంలో పడింది. ఒక్క పాయింటు తేడాతో పతకం పోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, "దీన్ని నమ్ముకుని ఇంతదూరం వచ్చాం చూడండి" అంది కుసుమ. పరాయిది అని ఉంటే గౌరీశ్వరి చేయి కడుక్కున్నంత సేపట్లో మర్చిపోయేది. అన్నది ఒకటో తరగతి నుంచి పక్కనే కూర్చున్న కుసుమ. ఆ తర్వాత కుసుమ ఇంటికొచ్చి భోరున ఏడ్చింది. గౌరీశ్వరి కూడా ఏడ్చి, "పోన్లేవే" అంది. అంది గానీ పోలేదు. కుసుమకి ఎదురుపడలేక పది నెలలు రేంజి ముఖమే చూడలేదు. చివరికి రేంజి మీద బెంగ పట్టుకుని రెండు వారాల కిందటే మళ్ళీ వచ్చింది.

"మాస్టారూ, దాన్ని క్షమించానని నా నోటితోనే చెప్పాను. లోపల మాత్రం ఇంకా ఏదో మిగిలే ఉంది. అది మొత్తం పోయాకే కదా దాని పక్కన చాప వేసుకోవాలి? పోకుండా వేసుకుంటే నటన కాదా?" అని అడిగింది.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. తర్వాత లోపలికి వెళ్ళి ఆమె రైఫిల్ తెచ్చి బల్లమీద పెట్టారు.

"ముందు దీని గొట్టం తుడు తల్లీ."

కాల్చిన తుపాకీని తుడవకుండా పెట్టెలో పెట్టి మర్చిపోకూడదన్నది మాస్టారు మొదటిరోజే నేర్పే పాఠం. గుంటూరు నుంచి వచ్చిన రోజు ఆ రైఫిల్‌ని ఆమె అలాగే పెట్టెలో పడేసి వెళ్ళిపోయింది. మాస్టారు ఆ పది నెలలూ దాన్ని ఇంకొకరికి ఇవ్వలేదు, ఆమె బదులు తుడిచీ పెట్టలేదు. తూటా కూర్చునే చోటికి కాస్త ముందు, గొట్టం లోపల చుట్టూ, మసి ఉంగరంలా బిగిసిపోయింది. తిరిగొచ్చినప్పటి నుంచి ఆమె కాలుస్తున్న గుళ్ళు ఒకటి బొబ్బిలిలో పడితే ఇంకొకటి పార్వతీపురంలో పడుతున్నాయంటే పడవూ మరి!

ఇత్తడి తీగల బ్రష్షు కడ్డీకి తగిలించి తోమడం మొదలుపెట్టింది. ఇరవైసార్లు తోమింది. నలభైసార్లు తోమింది. మసి కదలలేదు. చున్నీ నడుముకి బిగించి, పళ్ళు కరిచి, మసిమీద ఉన్న కోపమో మరి దేనిమీద కోపమో, ఇంకా గట్టిగా తోమింది. అదీ చాలక, పనిముట్ల డబ్బాలోంచి ఒక ఉక్కు చువ్వ తీసి గొట్టం మూతిలోంచి పొడవబోయింది. అంతవరకూ కుర్చీలో టీ తాగుతూ ఊరుకున్న పెద్దాయన ఒక్క ఉదుటున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఏటి తల్లీ, మసిని తీస్తున్నావా, గొట్టాన్నే తీసేస్తున్నావా?"

చువ్వ తీసుకుని డబ్బాలో పడేశారు. మసి వదిలించే మందులో గుడ్డముక్క తడిపి, సరిగ్గా ఆ ఉంగరం ఉన్నచోట ఆనేలా పెట్టారు. "మీ అమ్మ, పాలగిన్నె అడుగు మాడితే ఏటి చేస్తాది?"

"నీళ్ళు పోసి పక్కన పెట్టి వేరే పని చూసుకుంటాది."

"మరింకేటి? పద, అన్నం తిందాం."

మాస్టారి భార్య క్యారియర్‌లో పనసపొట్టు కూర పంపింది. అందులో సగానికిపైగా ఆయన గౌరీశ్వరి వైపే తోశారు. వద్దంటే వినరు. ఆమె తింటున్నంతసేపూ ఆయన పాత తుపాకుల కబుర్లేవో చెబుతూ పోయారు గానీ, కుసుమ పేరు ఎత్తలేదు. చాలా రోజుల తర్వాత ఆ రేంజిలో ఆమెకి కడుపునిండా అన్నం సయించింది.

రెండు దాటాక బ్రష్షు మళ్ళీ పట్టుకుంది. ఈసారి బలం పెట్టాల్సిన పనే లేకపోయింది. తుడిచే గుడ్డముక్కని సైన్యంలో చిందీ అంటారు. మాస్టారి నోట ఆ మాట ఇప్పటికీ పోలేదు. మొదటి చిందీ కాటుకలా నల్లగా వచ్చింది. ఆరో ఏడో చిందీకల్లా గోధుమరంగు, ఆ తర్వాత బూడిదరంగు. మాస్టారు గొట్టంలోకి లైటు వేసి చూశారు. ఉంగరం లేదు.

"చాల్లే తల్లీ" అన్నారు.

"తెల్లగా రాలేదు మాస్టారూ."

"చాలన్నాను కదేటి?"

"ఉండండి మాస్టారూ, ఒక్క రెండు!"

ఆ రెండూ ముప్ఫై అయ్యాయి. పట్టుదలలో గౌరీశ్వరి తర్వాతే ఎవరైనా. ఆఖరి చిందీ ఉతికిన పంచెలా బయటికొచ్చింది. దాన్ని పతకంలా పైకెత్తి చూపించింది. మాస్టారు ఒక డబ్బా తూటాలు ఆమె చేతిలో పెట్టి, "కాల్చు" అన్నారు.

మొదటి గుండు ఎనిమిదిలో పడింది. రెండోది ఏడు. మూడోది దానికి పూర్తిగా అటుపక్కన, ఏడు. గుంటూరు మధ్యాహ్నం మొత్తం కళ్ళముందు తిరిగింది ఆమెకి. చాపమీంచి తల తిప్పింది. "గొట్టం పాడుచేసేశానా మాస్టారూ?"

"కాల్చు."

కాల్చింది. ఏడో గుండు దగ్గర నుంచి గుళ్ళు దారికి రావడం మొదలుపెట్టాయి. పన్నెండు దాటాక ఒకదాని పక్కన ఒకటి, ఆ తర్వాత ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆఖరి పది గుళ్ళూ కలిపి చేసిన చిల్లు చూపుడువేలితో మూసేయొచ్చు. ఏడాది తర్వాత ఆమె తుపాకీ మళ్ళీ ఆమె మాట విన్నది. చాపమీదే కూర్చుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

మాస్టారు వంగి, శుభ్రమైన చిందీ ఒకటి గొట్టంలోంచి తోసి, బయటికొచ్చినదాన్ని ఆమె అరచేతిలో పెట్టారు.

"ఏ రంగు?"

"బూడిదరంగు."

"ఇందాక నేను చాలన్నప్పుడో?"

ఆమె దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. "అప్పుడూ ఇదే. తెల్లగా తోమాకే గుళ్ళు చెదిరాయి" అంది. మాస్టారు అప్పటికే గ్లాసు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయారు.

గోడ గడియారంలో ఐదుకి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. బయట రేకుల షెడ్డు కింద, బెంచీమీద, మూడింటి నుంచీ కుసుమ కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితం. లోపలికి రావడానికి ధైర్యం లేదు, వెళ్ళిపోవడానికి మనసు రాలేదు. గౌరీశ్వరిని చూసి లేచి నిలబడింది.

"ఇంకా కోపముందేటే?"

"ఉంది. కొంచెం."

కుసుమ ముఖం చిన్నబోయింది. అయినా తేరుకుని పెన్ను ముందుకు చాపింది. "ఉంటే ఉండనీ. పోటీలో నా పక్కన మాత్రం నువ్వుండాలే."

గౌరీశ్వరి ఆ పెన్ను తీసుకుని బెంచీమీదే కాగితం పెట్టి సంతకం చేసింది. మసి అంటిన బొటనవేలి ముద్ర కూడా పక్కన పడింది. అది చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఒకరి నవ్వు చూసి ఒకరికి ఏడుపొచ్చింది. తర్వాత కుసుమ కాగితం పట్టుకుని స్కూటర్ దగ్గరికి పరిగెత్తింది.

గౌరీశ్వరి లోపలికొచ్చేసరికి మాస్టారు ఆమె రైఫిల్‌ని పెట్టెలో పడుకోబెడుతున్నారు. కాల్చిన గొట్టం, ఇంకా తుడవనిది. ఆమెకి పాత తప్పు గుర్తొచ్చి గబగబా కడ్డీ అందుకుంది.

"తుడిచి ఇచ్చేస్తాను మాస్టారూ, ఒక్క నిమిషం."

పైడిరాజు మాస్టారు ఆమె చేతిలోంచి కడ్డీ తీసుకుని మూలన నిలబెట్టారు.

"ఇప్పుడొద్దు తల్లీ. ఆదివారం కాల్చి వచ్చాక తుడుద్దువుగాని. ఈసారి పెట్టెలో పెట్టి మర్చిపోకు, అంతే."