గుక్కెడమ్మ రేవు

ఉప్పుటేరు వచ్చి సరస్సులో కలిసే మూలన, క్రేన్లకూ గిడ్డంగులకూ నడుమ, మనిషి వంగితే తప్ప దూరలేని చిన్న గుడి ఉంది. అందులో కొలువైన తల్లి గుక్కెడమ్మ. సముద్రం వైపు నుంచి ఉప్పు, సిమెంటు, ఎరువులు మోసుకొచ్చే పడవ ఏదైనా ఇక్కడ ఆగవలసిందే. పడవ నడిపే సరంగు దిగి, దోసిలితో సరస్సు నీరు తీసుకుని గుక్కెడు తాగుతాడు. తరువాత కొన్ని బస్తాలు ఒడ్డుకు దింపిస్తాడు. ఇంజన్లు వచ్చాయి, కాటాలు వచ్చాయి, కంప్యూటరు చీటీలు వచ్చాయి. గుక్కెడు మాత్రం మానలేదు. కొత్తగా వచ్చినవారు "ఇదేం మొక్కండీ!" అని నవ్వుతారు. కథ విన్నాక ఎవరూ నవ్వగా మేము చూడలేదు.

పూర్వం ఇక్కడ రేవూ లేదు, గుడీ లేదు. తుంగ మొలిచిన మట్టిదిబ్బ ఒక్కటే ఉండేది. సముద్రపుటొడ్డున పండిన ఉప్పును సరస్సు అవతలి పట్నానికి చేర్చే పడవలు ఈ దిబ్బ పక్కనుంచే పోయేవి. ఏటిలో హాయిగా తేలుతూ వచ్చిన పడవ సరస్సులోకి దిగగానే ఉన్నట్టుండి బరువెక్కేది. గాలి లేచిందంటే నడిమధ్యన మునిగేది. నీటి అడుగున ఒక తల్లి ఉందనీ, ఆమె పడవలను కిందినుంచి పట్టి లాగుతుందనీ సరంగులు నమ్మారు. అందుకే ఆ నీటిలో చెయ్యి పెట్టేవారు కారు, నాలుక పిడచకట్టుకుపోయినా చుక్క తాగేవారు కారు. కుండల్లో తెచ్చుకున్న నీళ్ళతో సరిపెట్టుకుని, ప్రాణాలు అరచేత పట్టుకుని తెడ్లు వేసేవారు.

పోలరాజు అని ఒక సరంగు ఉండేవాడు. అతని అన్న ఇలాగే మునిగి పోయాడు. శవమైనా దొరకలేదు. మరుసటి ఏడు అదే దారిన పోలరాజు ఉప్పు వేసుకుని బయలుదేరవలసి వచ్చింది. భార్య నూకాలుకు నెలలు నిండాయి. ఆమె పుట్టిల్లు సరస్సు అవతల. పురిటికి చేర్చాలంటే మరో దారి లేదు. ఒకణ్ణి మింగిన నోరు రెండోవాణ్ణి వదలదని ఊళ్ళో నలుగురూ అనుకోవడం అతని చెవిన పడనే పడింది. తన ప్రాణం కంటే ఆ కడుపులోని ప్రాణం గురించే అతనికి దిగులు.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు కల వచ్చింది. తడికోకతో ఒక ముసలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నా గడప తొక్కి నా నీళ్ళు ముట్టనోడు నాకు చుట్టమెలా అవుతాడ్రా? గుక్కెడు తాగు. నేను మోయలేంది దించు" అంది. పోలరాజు ముచ్చెమటలతో లేచాడు. తాగమన్నది చంపడానికేనని అతనికి తోచింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు రెండు పడవలు బయలుదేరాయి. ముందు పోలరాజుది, వెనక అతని స్నేహితుడు గవరయ్యది. ఆ రోజుల్లో పడవ పక్కన తారుతో గీత గీసేవారు. గీత నీటికి పైన ఉంటే బరువు సరిగా ఉన్నట్టు. ఏటిలో పోలరాజు గీత స్పష్టంగా కనిపించింది. దిబ్బ దగ్గరికి వచ్చి చూస్తే గీత లేదు. నీళ్ళు రెండు వేళ్ళ ఎత్తు పైకెక్కాయి. "లాగతంది! కింద నుంచి లాగతంది!" అని తెడ్లు వేసే కళాసీలు గోల పెట్టారు. అందరూ ఒక్కసారి లేచేసరికి పడవ ఒరిగింది, నీళ్ళకుండ పగిలింది. పడమట మబ్బు నల్లగా లేస్తోంది.

ఈ గందరగోళంలో నూకాలుకు దాహమైంది. నిండు చూలాలి దాహం శాపాలకు ఆగదు. ఆమె వంగి, దోసిలి ముంచి తాగేసింది. పోలరాజు ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"ఏం చేశావే!"

"ఏంది మావా, నేను పుట్టినకాడినుంచీ మా ఒడ్డున తాగిన నీళ్ళేగా! ఇందాక ఏట్లో నోట పడితే ఉప్పు కషాయం. ఇయ్యి తియ్యగున్నాయి. నువ్వూ తాగి చూడు."

పోలరాజు గుక్కెడు తాగాడు. చావలేదు. కలలో ముసలమ్మ మాట అప్పుడు తలకెక్కింది. లాగడం లేదు, ఉప్పునీరు మోసినంత బరువు ఈ తల్లి మోయలేదు, అంతే. "దిబ్బకు తిప్పండ్రా! బస్తాలు దించండి!" అని కేకపెట్టాడు. సరుకు వెంట వచ్చిన షావుకారు మనిషి లబోదిబోమన్నాడు. ఎవరూ వినలేదు. బస్తా బస్తాకూ పడవ తేరుకుంటూ, చివరికి తారుగీత బయటపడింది.

అప్పుడు గవరయ్య పడవ పక్కనుంచి దాటిపోయింది. దాని గీత నీటికింద ఉంది. పోలరాజు దిబ్బెక్కి, "గవరయ్యా! ఆగు! గుక్కెడు తాగు! బరువు దించు!" అని గొంతు చించుకున్నాడు. సరస్సు నీళ్ళు తాగమనడం విని, తన స్నేహితుడికి అమ్మ పూనిందని గవరయ్య హడలిపోయాడు. ఆగడం మాని తెడ్లు మరింత జోరుగా వేయించాడు. గాలి లేచింది. అయిదుగురు మనుషులున్న పడవ, చూస్తుండగానే, నీళ్ళలో కలిసిపోయింది. కేక వినబడిందిగానీ నమ్మకం కలగలేదు, అదే వారి ప్రాణం తీసింది.

గాలి తగ్గాక నూకాలు క్షేమంగా పుట్టిల్లు చేరి కొడుకును కన్నది. ఆ బిడ్డకు గవరయ్య పేరే పెట్టారు. పోలరాజు మాత్రం మళ్ళీ ఉప్పు వేసుకుని పోలేదు. దిబ్బ మీద అమ్మకు గుడి కట్టి, అక్కడే కాపురముండి, వచ్చిన ప్రతి పడవనూ ఆపి బరువు దింపించాడు. దింపిన సరుకుకు కొట్లు లేచాయి, దాన్ని మోయడానికి చిన్న పడవలు వచ్చాయి. అదే ఈ రేవు.

ఉప్పునీరు ఎక్కువ మోస్తుందనీ మంచినీరు తక్కువ మోస్తుందనీ నేడు బడిపిల్లలకూ తెలుసు. అయినా ఆషాఢంలో మొదటి బుధవారం గర్భిణులు ఇక్కడికి వచ్చి గుక్కెడు తీర్థం తాగి వెళతారు. వారికి సుఖప్రసవమూ, ప్రయాణం మీద ఉన్నవారికి క్షేమమూ కలుగుతాయని పెద్దల మాట. ఏ పడవైనా ఆగకుండా దాటిపోతుంటే ఒడ్డున ఉన్నవారంతా, హమాలీలూ గుమాస్తాలూ టీ అమ్మేవారూ, హారతి మధ్యలో వదిలి పూజారీ, "గుక్కెడు! గుక్కెడు!" అని అరుస్తారు. సరంగు విన్నానని చెయ్యెత్తేదాకా ఆపరు. మీరు దర్శనానికి వచ్చిన వేళ ఆ కేక వినబడితే ఎందుకని అడుగుతూ నిలబడకండి. మీరూ అరవండి.