కుండీని తిప్పిన కోతి

గుమ్మడివలస హైస్కూల్లో పదో తరగతి చదివే కల్పవల్లికి అన్నీ ఉన్నాయి గానీ, పక్కవాళ్ళని ఎవరైనా మెచ్చుకుంటే ఓర్చుకునే గుణం మాత్రం ఆవగింజంతైనా ఉండేది కాదు.

తెలివికేం తక్కువ లేదు. పాఠం ఒక్కసారి చదివితే చాలు, చుక్కలూ కామాలతో సహా అప్పజెప్పేది. ఆమె పెరట్లో కూర్చుని సైన్సు వల్లె వేస్తుంటే, కట్టుకొయ్యకున్న గేదె కూడా నెమరు వేయడం మానేసి ఆక్సిజన్, హైడ్రోజన్ అనేది. నమ్మకపోతే ఆ గేదెనే అడగండి. కానీ మాస్టారు ఇంకెవరినైనా "శభాష్" అన్నారో, కల్పవల్లి చెవుల్లోంచి పొగలొచ్చేవి. ఆ పొగకి తరగతిలో దోమలన్నీ చచ్చి కింద పడేవి. అంతటి అసూయ!

ఆ బడిలో సైన్సు చెప్పే అబ్రహాం మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. సైన్సు గది తాళంచెవి తన దగ్గర ఉంచుకునేవారు కాదు. పదో తరగతి పిల్లల్లో ఒకరికి ఇచ్చేవారు. ఉదయాన్నే గది తెరవడం, గాజు సీసాలు తుడవడం, ప్రయోగానికి అన్నీ సిద్ధం చేయడం వాళ్ళ పని. ఆ ఏడాది తాళంచెవి కల్పవల్లిది. దాన్ని ఎర్ర దారానికి కట్టి మెడలో వేసుకుని తిరిగేది. స్నానానికి కూడా తీసేది కాదు. పట్టాభిషేకం జరిగిన మహారాణులు కూడా కిరీటం చూసుకుని అంత మురిసిపోయి ఉండరు.

దసరా సెలవులయ్యాక ఆ తరగతిలోకి సుభాషిణి అనే కొత్తపిల్ల వచ్చింది. వాళ్ళ నాన్న కరెంటు లైన్‌మన్, బదిలీ మీద ఆ ఊరు వచ్చాడు. ఆ పిల్లకి అప్పజెప్పడం రాదు. మార్కులూ అంతంతమాత్రమే. కానీ ఏది చూసినా "ఎందుకు?" అనేది. అది ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఉయ్యాల్లో వేసిన రోజున ఉయ్యాలనే "నువ్వెందుకు ఊగుతున్నావు?" అని అడిగిందట!

ఒకరోజు మాస్టారు పసుపు కాగితాల ప్రయోగం పెట్టారు. తెల్ల కాగితానికి పసుపు రాసి ఆరబెట్టి, దాని మీద సబ్బునీళ్ళు వేసి చూడాలి. ఆ బడి పిల్లలకో చిత్రమైన అలవాటుండేది. ప్రయోగం చేయకముందే ఫలితం రాసేసేవారు. గైడులో అచ్చేసి ఉంది కదా, ఇంక చూడటం దేనికి? కల్పవల్లి అయితే సబ్బు తడవకముందే "పసుపు కాగితము ఎరుపు రంగుకు మారును" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కొట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. తన కాగితం మీద సబ్బునీళ్ళు వేయనే లేదు.

సుభాషిణి వేసింది. పసుపు కాస్తా ఎర్రబడుతుంటే కళ్ళింత చేసుకుని చూసింది. చెయ్యెత్తింది.

"సార్! మా అమ్మ తెల్లచీర మీద పప్పు ఒలికితే సబ్బు పెట్టింది. మరక ఎర్రగా అయిపోయింది. రక్తమనుకుని మా నాయనమ్మ ఒకటే ఏడుపు. అదీ ఇదీ ఒకటేనా సార్?"

"ఒకటేనమ్మా!"

"మరి ఎర్రబడినదాన్ని మళ్ళీ పసుపు చేయొచ్చా సార్?"

మాస్టారి ముఖం వెలిగిపోయింది. పరుగున వెళ్ళి, మధ్యాహ్న భోజనం వండే చోటి నుంచి నిమ్మచెక్క తెచ్చి ఎర్ర కాగితం మీద పిండారు. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వచ్చింది! పిల్లలంతా ఒక్కసారి "ఓ!" అన్నారు. ఆ "ఓ"కి పైకప్పు రేకులు లేచి మళ్ళీ కూర్చున్నాయి.

"ఇన్నేళ్ళుగా ఈ ప్రయోగం చేయిస్తున్నాను. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. శభాష్ తల్లీ!" అన్నారు మాస్టారు.

ఆ రోజు చచ్చిన దోమలకి లెక్క లేదు.

గంట కొట్టగానే కల్పవల్లి సుభాషిణి దగ్గరకు వెళ్ళింది. "ఏమే, పుస్తకంలో లేని ప్రశ్నలు అడిగితే మార్కులేమైనా ఎక్కువేస్తారా?" అంది.

"వెయ్యరు," అంది సుభాషిణి.

"మరెందుకే అడిగావు?"

"తెలుసుకుందామని."

ఆ ఒక్క మాటకే కల్పవల్లి ఒళ్ళు భగ్గుమంది. తిట్టినా అంత మండేది కాదు.

మర్నాడు మాస్టారు కొత్త ప్రయోగం చెప్పారు. కిటికీ పక్కన చిక్కుడు మొక్క పెడితే అది ఎటు పెరుగుతుందో చూడాలి. "పై ఆఫీసు నుంచి ఒక మేడమ్ మన బడి చూడటానికి వస్తున్నారు. కల్పవల్లీ, సుభాషిణీ చెరో కుండీ పెట్టండి. నేనూ ఒకటి పెడతాను. ఎవరి కుండీకి వాళ్ళే నీళ్ళు పోసుకోవాలి. మీ ఇద్దరిలో మేడమ్‌కి ఎవరు బాగా వివరిస్తే, ఇక నుంచి తాళంచెవి వాళ్ళది," అన్నారు.

కల్పవల్లి చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని దారాన్ని పట్టుకుంది.

సుభాషిణి కుండీ తెచ్చింది. వాళ్ళమ్మ దానికి గడపకి రాసినట్టు చుట్టూ పసుపు రాసి, ముందు వైపు రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టి పంపింది.

"మొక్కకి పెళ్ళా ఏమిటే? పెళ్ళికొడుకు వంకాయా, బెండకాయా?" అని కల్పవల్లి వెక్కిరించింది. అందరూ నవ్వారు.

సుభాషిణి కూడా నవ్వేసింది. "ఏ కొత్త వస్తువైనా బొట్టు లేకుండా వాడనివ్వదు మా అమ్మ. మా ఫ్యానుకి కూడా ఉంది. తిరిగితే గీతలా కనబడుతుంది," అంది. కుండీని కిటికీ దగ్గర పెట్టి, బొట్టు వెలుగు వైపు ఉండేలా సర్దింది.

నాలుగాకులు వచ్చేసరికి మూడు మొక్కలూ కిటికీ వైపు తలలు వంచడం మొదలుపెట్టాయి. అందులో సుభాషిణి మొక్క మిగతా రెండింటికన్నా ఏపుగా ఉంది. అది చూసిన కల్పవల్లికి అన్నం సహించలేదు. పచ్చగా ఏది కనబడినా కడుపు మండేది. చివరికి గోంగూర పచ్చడి మీద కూడా అలిగింది.

"మొక్క కాంతి వైపు వంగును అని గైడులో ఉంది. దీని మొక్క వంగకపోతే? మేడమ్ ముందు నీళ్ళు నములుతుంది. తాళంచెవి నాకే ఉంటుంది," అనుకుంది.

అంతే. ఉదయాన్నే గది తెరవగానే, ఎవరూ రాకముందే, సుభాషిణి కుండీని అటుది ఇటు తిప్పేసేది. మొక్క పాపం కిటికీ వైపు వంగుదామని తల తిప్పుకునేసరికి కుండీ వెనక్కి తిరిగిపోయేది. మళ్ళీ మర్నాడూ అదే పని. ఎటు వంగాలో తెలియక ఆ మొక్క నిటారుగా నిలబడింది. తడి కుండీ కాబట్టి పసుపు కల్పవల్లి చేతులకి అంటుకునేది. కుళాయి కింద కడిగి పావడాకి తుడుచుకునేది.

ఈ పనిలో పడి కల్పవల్లి ఒక సంగతి మరిచింది. తన కుండీకి నీళ్ళు పోయడం! ఎప్పుడు చూసినా కన్ను పక్క కుండీ మీదే. తన చిక్కుడు మొక్క మొదట వాడింది, తర్వాత వడిలింది, చివరికి కాల్చిన అప్పడమై కూర్చుంది. మేడమ్ రేపు వస్తారనగా చూసుకుని లబలబలాడి బకెట్టెడు నీళ్ళు పోసింది. ప్రాణం పోయాక తులసితీర్థం పోస్తే ఏం లాభం?

మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. బడి పెళ్ళివారిల్లులా అయిపోయింది. ముగ్గులు వేశారు, బెంచీలు కడిగారు, గంటకి కూడా నూనె రాశారు. కుళాయి దగ్గర ఎన్నడూ లేనిది కొత్త సబ్బు బిళ్ళ వెలిసింది. ఆ వింత చూడటానికి పిల్లలు ఆరో తరగతి నుంచీ బారులు తీరారు.

సుభాషిణి ముందురోజు సాయంత్రమే కుండీకి మళ్ళీ దట్టంగా పసుపు రాసి, కొత్త బొట్టు పెట్టి వెళ్ళింది. కల్పవల్లి ఉదయాన్నే వచ్చి, అలవాటు ప్రకారం దాన్ని గిర్రున తిప్పేసింది. చేతులు గబగబా పావడాకి రుద్దుకుంది.

మేడమ్ సైన్సు గదిలోకి వచ్చారు. ముందు మాస్టారి కుండీ చూశారు. మొక్క చక్కగా కిటికీ వైపు వంగి ఉంది. తర్వాత కల్పవల్లి కుండీ దగ్గరకు వెళ్ళారు.

కల్పవల్లి చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, "మొక్క కాంతి వైపు వంగును!" అంది.

మేడమ్ ఎండిన పుల్లని చూశారు. "ఏ మొక్కమ్మా?" అన్నారు. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు.

తర్వాత సుభాషిణి వంతు. ఆమె మొక్క పోలీసు సలాం కొట్టినట్టు నిటారుగా ఉంది.

"ఇదేమిటి, ఇది వంగలేదే?" అన్నారు మేడమ్.

"అనుకున్నట్టు రాలేదండీ. ఎవరో నా కుండీని తిప్పుతున్నారు. బొట్టు కిటికీ వైపు పెడితే మర్నాటికి గోడ వైపు ఉండేది. మొదట ఏడుపొచ్చింది. తర్వాత, పోనీలే, రోజూ తిప్పితే మొక్క ఏమవుతుందో చూద్దామని ఊరుకున్నాను. అన్ని వైపులా వెలుగు తగిలితే మొక్క ఎటూ వంగదండీ. నిటారుగా పెరుగుతుంది. సార్ మొక్క తిప్పలేదు, అందుకే వంగింది. పక్కపక్కన పెట్టి చూడండి," అంది సుభాషిణి.

మేడమ్ రెండు కుండీలూ మార్చి మార్చి చూసి, "భలే!" అన్నారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "తిప్పిందెవరు?" అన్నారు.

కల్పవల్లి గుండె దడదడ బడి గంటకంటే గట్టిగా కొట్టుకుంది. "కోతి సార్! కిటికీలోంచి కోతి వస్తుంది సార్! నేను చూశాను సార్, ఎర్రమూతి కోతి!" అంది.

"కోతి కుండీ తిప్పి, మొక్క తినకుండా పోయిందా? చాలా మర్యాద తెలిసిన కోతే," అన్నారు మాస్టారు. ఇంతలో భోజనం గంట కొట్టారు.

అందరూ కుళాయి దగ్గర వరుస కట్టారు. కల్పవల్లి సబ్బు తీసుకుని చేతులు రుద్దింది. అంతే! అరచేతులు రెండూ గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా పండిపోయాయి. ఇంకా రుద్దింది. ఇంకా ఎర్రబడ్డాయి. "పసుపు కాగితము ఎరుపు రంగుకు మారును" అని రెండు గీతలు కొట్టి రాసిన పిల్ల, అది తన చేతికి కూడా వర్తిస్తుందని ఒక్కనాడూ అనుకోలేదు!

వెనకాలే ఉన్న సుభాషిణి చూసింది. ఆ చేతుల్నీ చూసింది, ఆ ముఖాన్నీ చూసింది. అంతా తెలిసిపోయింది. నోరు తెరిచి ఒక్క కేక వేస్తే చాలు, బడంతా ఉరికి వచ్చేది.

"ఏమర్రా, అక్కడ ఆలస్యం?" అని మాస్టారు ఇటే వస్తున్నారు.

సుభాషిణి తన టిఫిన్ డబ్బా మూత తీసింది. అన్నంలోకి తెచ్చుకున్న నిమ్మచెక్క కల్పవల్లి అరచేతుల్లో పిండింది. "రుద్దుకోవే, త్వరగా. ఎరుపు పోతుంది," అని గుసగుసలాడింది.

పోయింది. చేతులు మళ్ళీ లేత పసుపుకి వచ్చాయి.

మాస్టారు వచ్చారు. "ఏమైంది?"

"ఏం లేదు సార్," అంది సుభాషిణి.

కల్పవల్లి ఆ నిమ్మచెక్క వంక చూసింది. తను ఎవరి మొక్కని చెడగొట్టాలనుకుందో ఆ పిల్లే తన పరువు కాపాడింది. కళ్ళలోంచి నీళ్ళు కాలవ కట్టాయి. ఆ నీళ్ళతో బడి తోటంతా తడిసి, ఆ ఏడాది టమాటాలు విరగకాశాయని చెబుతారు.

"సార్! ఆ కోతిని నేనే సార్!" అని బావురుమంది. మెడలో దారం తీసి తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టింది. "సార్, జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న అడుగుతాను. దాని మొక్క నేను చెడగొట్టినా బాగా పెరిగింది. నాది ఎవరూ ముట్టుకోలేదు. మరెందుకు సార్ ఎండిపోయింది?"

"మంచి ప్రశ్న," అన్నారు మాస్టారు. "జవాబు నువ్వే చెప్పు. గైడులో లేదు."

కల్పవల్లి ముక్కు చీదుకుంది. "నా కళ్ళెప్పుడూ దాని కుండీ మీదే ఉన్నాయి సార్," అంది.

మాస్టారు తాళంచెవి సుభాషిణికి ఇచ్చారు. సుభాషిణి దాన్ని మెడలో వేసుకుని, "గది నేను తెరుస్తాను. సీసాలు మాత్రం ఇద్దరం తుడుద్దాం. నీకు తెలిసినన్ని పేర్లు నాకు తెలియవే," అంది. ఆ మర్నాడు కల్పవల్లి కొత్త గింజ నాటి, మాస్టారు చెప్పకుండానే నీళ్ళు పోసింది. ఆమె చెవుల్లో పొగలు ఆగిపోవడంతో ఆ బడిలో దోమలు మాత్రం విపరీతంగా పెరిగాయి. దానికి మందు ఇప్పటికీ కనిపెట్టలేదు.

నీతి: అసూయ ఎదుటివాళ్ళ ఎదుగుదలను ఆపలేదు, పక్కవాళ్ళ కుండీ మీద కన్నేసి కూర్చున్నవాళ్ళ మొక్కే ఎండిపోతుంది.