నీళ్ల ముసలమ్మ సీను

శశిధర్ బెంగ ఒక్కటే. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు నాటకం మా ఊరి జనానికి ఎలా ఎక్కుతుంది?

నాటకాన్ని తెలుగు చేసింది అతనే. డైరెక్టరూ అతనే, అందులో ప్రభువు వేషమూ అతనిదే. యూనివర్సిటీలో నాటకం చదువుకుని వచ్చాడు. తెలివైనవాడు, కాదనను. కాకపోతే జనానికి ఓ పట్టాన ఏదీ అర్థం కాదని అతనికి గట్టి నమ్మకం. అందుకని ప్రభువుకు నల్లకళ్లద్దాలు పెట్టాడు. చేతికి సెల్‌ఫోన్ ఇచ్చాడు. భటులకు సఫారీ సూట్లు కుట్టించాడు. వెనకాల గోడంత స్క్రీను కట్టి దాని మీద టీవీ వార్తలు వేయించాడు. మా నాటక సమాజంలో తెర లాగేవాణ్ణి నేను. ఆ స్క్రీను చూస్తే నాకు ఒళ్లు మండేది.

"పాత నాటకాన్ని ఇప్పటివాళ్ల దగ్గరికి మనమే తేవాలి మాష్టారూ. లేకపోతే మ్యూజియంలో బొమ్మలా ఉండిపోతుంది" అన్నాడు శశిధర్ ఒకరోజు.

మౌలాలి మాష్టారు వక్క నములుతూ విన్నారు. శశిధర్‌కి చిన్నప్పుడు నాటకం నేర్పింది ఆయనే, మా అందరికీ నేర్పిందీ ఆయనే. వయసులో ఉండగా ఆడవేషాలకు ఆయన పెట్టింది పేరు. ఈ నాటకంలో నీళ్లు మోసే ముసలమ్మ వేషం ఆయనది. ఆ రోజుల్లో ఆ దేశంలోనూ ఆడవేషాలు మగపిల్లలే కట్టేవాళ్లని శశిధర్ చెబితే, "అయితే మనవాళ్లేనన్నమాట" అని ముచ్చటపడ్డారు.

"మునిసిపల్ హాలుకి పర్మిషన్ కావాలిగా" అన్నారు మాష్టారు. "ఛైర్మన్‌గారి దగ్గరికి నువ్వే వెళ్లు. ముసలమ్మ సీను చదివి వినిపించు. ఆ అద్దాలూ ఫోనూ ఇక్కడ పెట్టి వెళ్లు."

తోడుగా నేనూ వెళ్లాను.

సీను చిన్నదే. ఊళ్లో బావులు ఎండిపోయాయి. ప్రభువు తన పెళ్లి కోసం తోటలో ఫౌంటెన్ కట్టించి, ఏటి నీళ్లన్నీ అటు మళ్లించుకున్నాడు. ముసలమ్మ ఖాళీ బిందెతో కొలువుకి వస్తుంది. "ఏం కావాలి నీకు?" అంటాడు ప్రభువు. "మీ తోటలో నీళ్లు ఆడుకుంటున్నాయి దొరా. వాటి ఆట అయ్యాక కాసిని మా ఇళ్ల వైపు పంపండి" అంటుంది.

శశిధర్ మామూలు చొక్కాతో, కుర్చీ అంచున కూర్చుని, మామూలు గొంతుతో చదివాడు. కిటికీ అవతల మునిసిపాలిటీ వారి కొత్త ఫౌంటెన్ రంగుల లైట్లలో ఎగిరెగిరి పడుతోంది. మా వీధి కుళాయికి నీళ్లు వచ్చేది నాలుగు రోజులకోసారి. ఆ సంగతి చదివేవాడికి తట్టలేదు గానీ వినేవాడికి తట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఛైర్మన్‌గారి మొహం మాడిపోయింది.

"ఎవరు రాయించారయ్యా ఇది మీచేత?"

"ఇది నాలుగొందల ఏళ్ల కిందటిదండీ..."

"నా చెవిలో పూలు పెట్టకు. ఆ ముసల్దాని మాట స్టేజీ మీద వినపడిందా, హాలు వెనకాల మీ రిహార్సల్ గది ఉందే, దాని తాళంచెవి నా టేబుల్ మీద ఉండాలి."

ఆ గది మా ప్రాణం. మాష్టారు కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ మా సమాజం చేతిలోనే ఉంది. కిరీటాలు, గదలు, హార్మోనియం, ట్రంకుపెట్టెలు, అన్నీ అందులోనే. అది పోతే మేం ఎక్కడ కూడాలి, ఎక్కడ ఆడాలి?

తిరిగొచ్చి శశిధర్ జరిగింది చెప్పాడు. మాష్టారు ఒక్క మాట కూడా జారిపోకుండా విన్నారు.

"అయితే ఆయనకు అర్థమైందంటావు."

"అర్థం కావడమేంటి మాష్టారూ! ఒంటికాలి మీద లేచాడు."

"కళ్లద్దాలు లేకుండానే?"

శశిధర్ తల వంచుకున్నాడు.

తల వంచుకున్నాడే గానీ భయం పోలేదు. రాత్రింబవళ్లు నలిగి నలిగి చివరికి ఆ సీను కొట్టేశాడు. "ఒక్క సీనే కదా మాష్టారూ. గది పోతే సమాజమే పోతుంది" అన్నాడు.

"డైరెక్టరువి నువ్వు" అన్నారు మాష్టారు.

నాటకం రోజు హాలు నిండిపోయింది. ముందు వరసలో ఛైర్మన్‌గారు, పక్కన పీఏ. నేను గ్రీన్‌రూమ్‌లోకి తొంగిచూస్తే మాష్టారు నెరిసిన విగ్గు పెట్టుకుని, మాసికల చీర కట్టుకుని అద్దం ముందు కూర్చుని ఉన్నారు.

"మాష్టారూ, మీ సీను తీసేశాంగా."

"ఆయన వినపడకూడదన్నది ముసలమ్మ మాట" అన్నారు, బొట్టు సరిచేసుకుంటూ. "ముసలమ్మ కనపడకూడదన్లేదు."

ప్రభువు సింహాసనం మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో మాట్లాడే ఘట్టం నడుస్తోంది. మాష్టారు ఖాళీ బిందె చంకన పెట్టుకుని మెల్లగా స్టేజీ మీదికి వచ్చారు. బిందెను సింహాసనం ముందు దించారు. పక్కనే చతికిలబడి ప్రభువు మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. నోరు విప్పలేదు. శశిధర్ ఫోన్‌లో అంటున్న మాట సగంలో ఆగిపోయింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ఆ చప్పుడూ లేదు. సీనుకి ఎంతసేపు పడుతుందో అంతసేపూ కూర్చుని, మాష్టారు బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేశారు.

ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

మా వైపు పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ కొడతారు. కొట్టాక నటుడు మళ్లీ పాడి తీరాలి, లేకపోతే నాటకం ముందుకు సాగనివ్వరు. కానీ మాటే లేని సీనుకి వన్స్ మోర్ కొట్టడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక గొంతు పది గొంతులైంది, హాలంతా అందుకుంది. మాష్టారు ఆచారం తప్పే మనిషి కాదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని, మళ్లీ వెళ్లి అక్కడే కూర్చున్నారు.

పీఏ పక్కతెరల్లోకి పరుగెత్తుకొచ్చాడు. "తెర దించెయ్! దించుతావా లేదా?"

తాడు నా చేతిలో ఉంది. నేను శశిధర్ వంక చూశాను. అతనికీ పీఏ కేక వినిపించింది. ముందు వరస వైపు చూశాడు. కాళ్ల దగ్గర కూర్చున్న ముసలమ్మను చూశాడు. నల్లకళ్లద్దాలు తీసేశాడు, ఫోన్ జేబులో పడేశాడు. నాకేసి తిరిగి వద్దన్నట్టు తల ఊపాడు. నేను ఆ తాడును మేకుకి చుట్టి బిగించి ముడేశాను. అంత సంతోషంగా నా జన్మలో ముడి వెయ్యలేదు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు శశిధర్. ఆ మాట వెనక వరసదాకా వినిపించింది.

మాష్టారు చెప్పారు. అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. హాల్లో లేచిన కేకలకు పైకప్పు రేకులు అదిరాయి. ఛైర్మన్‌గారు విసురుగా లేస్తే కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తి పెట్టడానికి ఎవరూ కదల్లేదు.

నాటకం అయ్యాక పీఏ చెయ్యి చాపకముందే శశిధర్ గది తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టాడు. ట్రంకుపెట్టెలు ఒక్కొక్కటే మేం వరండాలోకి మోసుకొస్తున్నాం. మాష్టారు ఒక పెట్టె మీద కూర్చుని కొబ్బరినూనెతో మొహం మీద రంగు తుడుచుకుంటున్నారు. శశిధర్ వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"మాష్టారూ, ఒకవేళ నేను ఆ మాట అడక్కపోయుంటే?"

"జనం వన్స్ మోర్ అనేవాళ్లు" అన్నారు మాష్టారు. "నేను మళ్లీ వచ్చేవాణ్ణి."