చెప్పి వేయాల్సిన మందు

సుమన గొంతులో ఏదో ఉందని ఆరామంలో అందరూ అనేవారు. చెవిపోటుతో గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా, కళ్ళు పుసికట్టి రెప్పలు విప్పలేని పిల్లవాడయినా, ఆమె పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పిందంటే ఊరుకునేవారు. కాకి కథో, కోతి కథో చెబుతూ చెబుతూనే మందు చుక్క వేసేసేది. మందు పడ్డ సంగతి పిల్లలకు తర్వాత తెలిసేది.

సుమనకు కూడా తన గొంతు సంగతి తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే తల వంచుకునేది కానీ, ఆ మాట ఇంకోసారి వినాలనిపించేది.

అలాంటి సుమన మాట తిప్పి అనే పిల్ల దగ్గర చెల్లలేదు.

కృష్ణ ఒడ్డున ఉండేది ఆ ఆరామం. అందులో భిక్షుణులు ఒక రోగశాల నడిపేవారు. వచ్చేది ఎక్కువగా కంటి జబ్బుల పిల్లలూ, చెవిలో చీము కారే పిల్లలూ. రోగశాలకు పెద్ద ధమ్మసిరి. తక్కువ మాట్లాడే మనిషి. చేతులు ముడతలు పడ్డాయి గానీ రెప్ప మడిచి చూసేటప్పుడు ఇసుమంతైనా వణికేవి కావు. సుమన ఆవిడ శిష్యురాలు.

ఆ ఏడు ఆరామం వెనక కొత్త స్తూపం లేస్తోంది. రాళ్ళు చెక్కేవాళ్ళూ, సున్నం కాల్చేవాళ్ళూ అక్కడే గుడిసెలు వేసుకున్నారు. సున్నపు గుంట దగ్గర పోలమ్మ అనే ఆమె పని చేసేది. ఆమె కూతురే తిప్పి. ఐదారేళ్ళుంటాయి. పుట్టు చెవిటిది.

ఒక పొద్దున, కాల్చిన సున్నపురాళ్ళ మీద నీళ్ళు పోయగానే గుంట బుస్సున పొంగింది. "తప్పుకోండి!" అని ఎవరో అరిచారు. అందరూ వెనక్కి దూకారు. తిప్పి మాత్రం గుంట అంచున వంగి, లేస్తున్న పొగను వింతగా చూస్తూ నిలబడి ఉంది.

సున్నం చిమ్మి కళ్ళల్లో పడ్డ పిల్లను భుజాన వేసుకుని పోలమ్మ రోగశాలకు పరుగెత్తుకొచ్చింది. ధమ్మసిరి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పిల్లను అడ్డంగా ఒళ్ళో పడుకోబెట్టుకుని కళ్ళల్లోకి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. సుమన మందు గిన్నె తెస్తే చేత్తోనే వారించింది.

"ముందు నీళ్ళు. ఇంకా తెండి."

కడవలు ఖాళీ అవుతున్నాయి, మళ్ళీ నిండి వస్తున్నాయి. తడి దూదితో రెప్పల కిందనుంచి సున్నపు పలుకులు ఒక్కొక్కటే తీసింది. పిల్ల తన్నులకు ఆవిడ పెదవి చిట్లింది. అది కూడా పట్టించుకోలేదు. పొద్దు నెత్తిమీదికి వచ్చాక, వడగట్టిన ఆవునెయ్యి వేసి, రెండు కళ్ళకూ మెత్తటి గుడ్డ కట్టింది.

"కుడి కన్ను పరవాలేదు. ఎడమది గట్టిగా కాలింది. అది కదలకుండా ఉండాలంటే రెండూ మూసి ఉంచాలి" అంది. "జాము జాముకీ కట్టు విప్పి నెయ్యి వేయాలి. లేకపోతే రెప్ప పుండుకి అంటుకుపోతుంది. పిల్ల కళ్ళు నులుముకుందంటే మాత్రం మనం చేయగలిగింది ఉండదు. సుమనా, ఈ పిల్ల నీది."

సుమన ధైర్యంగానే తలూపింది.

మొదటిసారి మందు వేయబోయినప్పుడు అలవాటు కొద్దీ పక్కన కూర్చుని, "మా తల్లివి కదూ, మా బంగారానివి కదూ" అని మొదలుపెట్టింది. చుట్టుపక్కల మంచాల మీది పిల్లలు తలలెత్తి విన్నారు. తిప్పి వినలేదు. చేయి తగలగానే ఉలిక్కిపడి, గోళ్ళతో రక్కి, గోడకు తల కొట్టుకోబోయింది.

వాకిట్లో పోలమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. "నువ్విలా ఏడిస్తే పిల్ల ఇంకా బెదిరిపోతుందమ్మా, కాసేపు అవతలికి వెళ్ళు" అంది సుమన. అనేశాక గానీ ఆ మాట ఎంత అర్థం లేనిదో తట్టలేదు. అప్పటికే పోలమ్మ లేచి వెళ్ళిపోయింది.

రెండోసారి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ముగ్గురు. ఎవరు దగ్గరికి వచ్చినా, అన్నం పెట్టడానికి వచ్చినా, దుప్పటి కప్పడానికి వచ్చినా పిల్లకు ఒకటే. చీకట్లోంచి ఏవో చేతులు వస్తాయి, పట్టుకుంటాయి, కళ్ళు మండుతాయి, పోతాయి. ఎప్పుడొస్తాయో తెలియదు. ఎవరివో తెలియదు.

చివరికి సుమన పిల్ల చేతులు రెండూ మంచం పట్టెకు కట్టేసింది. గుడ్డతోనే, వదులుగానే కట్టింది. కట్టాక తిప్పి గింజుకోవడం మానేసింది. గంజి నోట్లో పోస్తే మింగడం కూడా మానేసింది. మళ్ళీ మందు వేసే వేళకు తల అటూ ఇటూ విసిరి కొట్టింది. కంటి కట్టు విప్పి చూస్తే గుడ్డకు కాస్త నెత్తురు అంటి ఉంది.

మర్నాడు తెల్లవారాక సుమన మందులగది మెట్టు మీద వచ్చి కూలబడింది. లోపల ధమ్మసిరి దూది ఏరుకుంటోంది.

"రెక్కలు కట్టేశానమ్మా" అంది సుమన.

"చూశాను."

"కట్టకపోతే నులుముకుంటుంది. కడితే తిండి తినదు. ఇన్నాళ్ళలో నా మాట వినని పిల్ల లేదు. దీనికి మాటే లేదు. ఇంకెవరికైనా అప్పజెప్పండమ్మా. నా వల్ల కాదు."

సుమన మోకాళ్ళలో తల దాచుకుంది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. చల్లగాలికి అలాగే కాస్త కునుకు పట్టింది.

ఉన్నట్టుండి వెనకనుంచి ఒక చేయి గడ్డం పట్టుకుని తలను పైకి విరిచింది. చల్లటిదేదో టప్పున కంట్లో పడింది.

సుమన కెవ్వుమంది. ఆ చేతిని విదిలించి కొట్టి, మెట్టు మీదనుంచి కిందికి దూకింది. వెనక్కి తిరిగి చూస్తే ధమ్మసిరి. పక్కన ఒలికిపోయిన చెంబు.

"నేనేలే" అంది ధమ్మసిరి. "మంచినీళ్ళే. కళ్ళు మండుతున్నాయేమోనని."

"అయితే మాత్రం!" సుమనకు కోపంతో మాట తడబడింది. "ముందు ఒక మాట చెప్పి వేయొచ్చు కదమ్మా!"

ధమ్మసిరి చెంబు తీసి నిలబెట్టింది.

"ఆ పిల్ల కూడా నిన్నటి నుంచీ అదే అంటోంది" అంది.

లోపలికి వెళ్ళి మళ్ళీ దూది ముందు కూర్చుంది.

సుమన తడి మొహం చెంగుతో తుడుచుకుంది. తర్వాత లోపలికి పోలేదు. ఆరామం వెనక గుడిసెల వైపు నడిచింది.

పోలమ్మ పొయ్యి ముందు ఊరికే కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. సుమనను చూడగానే గాబరాగా లేచింది.

"పిల్లకేమైందమ్మా?"

"ఏమీ కాలేదు. ఒకటి అడుగుదామని వచ్చాను. ఇంట్లో నువ్వు దాన్ని ఎలా పిలుస్తావు?"

"అదేం వింటదమ్మా, పిలవడానికి?"

"వినదు. మరి అటు తిరిగి ఆడుకుంటుంటే? అన్నానికి రావాలంటే?"

ఇంతవరకూ ఎవరూ పోలమ్మను ఈ మాట అడగలేదు.

"నేల మీద కాలితో గట్టిగా తడతానమ్మా. అదురు తెలిసి తిరిగి చూస్తది. పడుకునుంటే మంచం మీద దరువేస్తా. ముందు అట్టా చేసి, తర్వాత ముట్టుకుంటా. చెప్పకుండా ముట్టుకుంటే దానికి మహా బెదురు."

"నాతో రా పోలమ్మా" అంది సుమన. "ఇందాకటి దాకా నిన్ను బయట కూర్చోబెట్టాను. తప్పు నాదే."

రోగశాలకు వచ్చి పోలమ్మ మంచం పట్టె మీద అరచేత్తో దరువు వేసింది. గోడకు ముడుచుకుని పడుకున్న తిప్పి ఒక్కసారిగా తల ఎత్తింది. కట్టు కట్టిన మొహం అటూ ఇటూ తిప్పింది. తల్లి చేయి తగలగానే ఆ పిల్ల చేసిన శబ్దం విని పక్క మంచాల పిల్లలు కూడా ఏడుపు మొహాలు పెట్టారు.

సుమన చేతికట్లు విప్పేసింది.

తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకుని గంజి తాగించింది. మందు వేళ అయింది. ఈసారి సుమన పట్టె మీద తనే దరువు వేసింది. కాసేపు ఆగింది. తర్వాత తన చేయి తెచ్చి పిల్ల చేతి పక్కన పెట్టి ఊరుకుంది. పట్టుకోలేదు.

తిప్పి వేళ్ళు భయంభయంగా వచ్చి ఆ చేతిని తడిమాయి. గాజులు లేవు. అమ్మ చేయి కాదు. వెనక్కి పోయాయి. మళ్ళీ వచ్చాయి.

సుమన నెయ్యి ఉన్న ఆల్చిప్పను పిల్ల అరచేతిలో పెట్టింది. తిప్పి దాన్ని విసిరికొట్టింది. నెయ్యంతా సుమన కాషాయం మీద పడింది. సుమన లేచి వెళ్ళి మళ్ళీ నెయ్యి తెచ్చి, మళ్ళీ దరువు వేసి, మళ్ళీ అరచేతిలో పెట్టింది. ఈసారి పిల్ల దాన్ని వాసన చూసింది. సుమన ఒక చుక్క పిల్ల చేతి మీద వేసింది. తిప్పి కాస్త ఆగి, దాన్ని నాకేసింది.

ఇంకో చుక్క వేసింది. అదీ నాకేసింది.

పోలమ్మ అంత దుఃఖంలోనూ పక్కున నవ్వింది. "నెయ్యంటే పడి చస్తదమ్మా!"

తర్వాతి చుక్క బుగ్గ మీద. దాన్ని వేలితో తుడుచుకుని నోట్లో పెట్టుకుంది. అప్పుడు సుమన కుడి కన్ను కప్పే ఉంచి, మెల్లగా ఎడమ కంటి కట్టు విప్పి, పిల్ల చేతిని తీసి తన మణికట్టు మీద పెట్టుకుంది. పిల్ల గట్టిగా పట్టుకుంది. సుమన చేయి కంటి వైపు కదిలితే ఆ పట్టు బిగుసుకుంది. సుమన ఆగింది. పట్టు వదులయ్యే దాకా అలాగే ఉండి, మళ్ళీ కదిలింది. అలా ఆగుతూ కదులుతూ చేయి రెప్ప దాకా చేరింది. చుక్క పడింది. తిప్పి ఒళ్ళు జలదరించింది గానీ తన్నలేదు.

అంతసేపూ సుమన నోటివెంట ఒక్క మాట రాలేదు. ఆ సంగతి ఆమెకే తర్వాత గుర్తుకొచ్చి ఆశ్చర్యం వేసింది.

ఆ రోజు నుంచి ఏ పని అయినా అదే వరస. ముందు దరువు, తర్వాత చేయి, తర్వాత వాసన, ఆ తర్వాతే కన్ను. ఒకనాడు సుమన స్నానానికి నదికి వెళ్ళిన వేళ, కొత్తగా వచ్చిన భిక్షుణి ఒకామె తొందరలో దరువు మరిచిపోయి చుక్క వేయబోయింది. ఆ కేక రేవు దాకా వినబడింది. సుమన తడిబట్టలతోనే పరుగెత్తుకొచ్చి పిల్లను దగ్గరికి తీసుకుంది. కొత్తామెను కసురుకోలేదు. ఆమె చేయి పట్టుకుని, పట్టె మీద ఎలా తట్టాలో చూపించింది.

నాలుగు రోజులు పోయాక, దరువు అదురు తగలగానే తిప్పి తనంతట తనే మొహం పైకెత్తి చేయి చాచడం మొదలుపెట్టింది. చేతికి నెయ్యి చుక్క ముందు తనకు కావాలి. అది నాకాకే కన్ను ఇచ్చేది.

అయినా సుమనకు లోపల గుబులుగానే ఉండేది. ఎడమ రెప్ప ఎత్తినప్పుడల్లా పాలమీగడలా తెల్లగా కనబడేది. "తగ్గుతుందా అమ్మా?" అని అడిగేది. "రేపు చూద్దాం" అనేది ధమ్మసిరి. ప్రతి రోజూ అదే మాట. పోలమ్మ మాత్రం అడగడానికి కూడా భయపడి, ఆవిడ మొహం కేసి చూసి ఊరుకునేది.

ఎరుపంతా తగ్గాక ఒకనాటి సాయంకాలం ధమ్మసిరి గది తలుపులు దగ్గరగా వేయించింది. కిటికీకి తడిగుడ్డ కట్టించింది. మంచం పట్టె మీద తనే దరువు వేసి, తన చేతిని పిల్లకు తడమనిచ్చి, కట్టు విప్పింది. ఈసారి మళ్ళీ కట్టలేదు.

తిప్పి రెప్పలు కొట్టుకుంది. మసక వెలుతురుకే కళ్ళు చికిలించింది. ధమ్మసిరి కుడి కన్ను అరచేత్తో మూసి, చిన్న దీపాన్ని ఎడమ కన్ను ముందు అటూ ఇటూ కదిపింది. నల్లగుడ్డు అంచున ఆవగింజంత తెల్లమచ్చ ఉంది. కానీ చూపు దీపం వెంట నడిచింది. కుడికి పోతే కుడికి, ఎడమకు వస్తే ఎడమకు.

ధమ్మసిరి దీపం కింద పెట్టి, ఉన్నచోటే నేల మీద చతికిలబడింది.

"పోలమ్మా, పొయ్యి వెలిగించుకో" అంది. "నీ పిల్లకు రెండు కళ్ళూ ఉన్నాయి."

తల్లి మొహం చూడగానే తిప్పి కిలకిలా నవ్వి, మీదికి ఎగబాకి, ఆమె ముక్కూ చెవులూ పట్టుకుని లాగింది. పోలమ్మ ఏడుస్తూ నవ్వుతూ పిల్లను గుండెకు అదుముకుంది.

కాసేపటికి తిప్పి చూపు సుమన మీద పడింది. గుండు చేసుకుని, కాషాయం కట్టుకున్న ఈ పొడుగు మనిషి ఎవరో దానికి తెలియదు. ఎన్నడూ చూడలేదు. బెరుకుగా తల్లి భుజం వెనక్కి నక్కింది. సుమన ఏదో అనబోయి, పెదవులు మూసుకుంది. మంచం పట్టె మీద మెల్లగా దరువు వేసి, చేయి చాచి ఉంచింది.

తిప్పి ఆ చేతిని చూసింది. మొహాన్ని చూసింది. ఉన్నట్టుండి రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకుంది.

పోలమ్మ గుండె ఆగినంత పనైంది. "కళ్ళు మూసుకుందేంటమ్మా! మళ్ళీ కనబడ్డం లేదా ఏంటి?"

"కంగారుపడకు" అంది ధమ్మసిరి. "చూస్తోంది, ఉండు."

కళ్ళు మూసుకునే తిప్పి ముందుకు వచ్చింది. చిన్న చిన్న వేళ్ళు సుమన అరచేతిని తడిమి, మణికట్టు దాకా పాకి, అక్కడ గట్టిగా పట్టుకున్నాయి. ఆ చేతిని మొహం దగ్గరికి లాక్కుని నెయ్యి వాసన చూసింది.

అప్పుడు కళ్ళు తెరిచి, తల పైకెత్తి సుమన మొహం కేసి చూసింది.