తడికెల చెంగలయ్య అర్జీ

వేసవి వస్తే కాకులు సైతం అరవడం మానేసేంత ఎండలు కాసే ఒకానొక రాజ్యంలో చెంగలయ్య అనే తడికెలవాడు ఉండేవాడు. ఎండాకాలంలో వట్టివేళ్ళ తడికెలు కట్టి ఇళ్ళు చల్లబరచడం, చలికాలంలో కుంపట్లు అమర్చి వెచ్చబరచడం అతని వృత్తి.

ఊళ్ళో పని సన్నగిల్లింది. రాజుగారి కొలువుకూటం పని దొరక్కపోతే ఇక ఊరు విడిచి వెళ్ళాల్సిందే.

కాని రాజు ప్రతాపభూపతి చాటింపు ఏమిటంటే, "రాజభవనంలో పదేళ్ళు పనిచేసినవాడే అర్జీ పెట్టాలి." రాజ్యంలో ఉన్నదే ఒక్క రాజభవనం. అందులో ఈ పని చేస్తున్నది మంత్రిగారి బావమరిది.

చెంగలయ్యను మూడేళ్ళుగా మంత్రి గెంటిస్తూనే ఉన్నాడు. "బయటికి గెంటించుకోవడంలో నాకున్నంత అనుభవం ఎవరికీ లేదు" అని తనను తానే వెక్కిరించుకుంటూ నాలుగోసారి వెళ్ళాడు. ఆ రోజు రాజే స్వయంగా విచారిస్తున్నాడు.

సభలో ఒకటే ఉక్క. విసనకర్రలు విసిరేవాళ్ళే చెమటతో తడిసి ముద్దవుతున్నారు.

"నీ అనుభవమేమిటి?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"నలభై ఇళ్ళు చల్లబరిచాను మహారాజా! మా ఇల్లొక్కటే నా వల్ల కాలేదు. మా ఆవిడ కోపానికి ఏ వట్టివేరూ చాలడం లేదు."

సభ కిసుక్కుమంది. రాజు నవ్వలేదు.

"రాజభవనంలో పదేళ్ళు చేశావా?"

"లేదు ప్రభూ!"

"అయితే వెళ్ళు. అనుభవం లేనివాడికి రాజకార్యం అప్పగించం."

"చిత్తం. ఒక్క సందేహం. ఈ సింహాసనం ఎక్కక మునుపు ఏలినవారు ఏ రాజ్యాన్ని పదేళ్ళు ఏలారు?"

విసనకర్రలు ఆగిపోయాయి. మంత్రి కొయ్యబారిపోయాడు. రాజు ముఖం ఎర్రగా కందిపోయింది. భటుడి చెయ్యి కత్తి మీదికి పోయింది.

చెంగలయ్య 'ఈ నోరే నన్ను ముంచుతుందని మా ఆవిడ ఏనాడో చెప్పింది' అనుకుంటూ గబగబా చేతులు జోడించాడు.

"క్షమించాలి ప్రభూ! ఒక్క మాటతో సభంతా చలికి బిగుసుకుపోయింది. తమ ముఖం కుంపటిలా రాజుకుంది. చల్లబరచడం, వేడెక్కించడం రెండూ ఇక్కడే చేసి చూపించాను. దయచేసి దీన్నే అనుభవం కింద రాయించండి."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. తరవాత పగలబడి నవ్వాడు.

"నిజమేనయ్యా! పట్టాభిషేకం నాడు నాకు పదహారేళ్ళు. కిరీటం చెవుల మీదికి జారిపోతుంటే పట్టుకోవడానికే చేతులు చాలలేదు. అనుభవం ఎక్కడిది!"

ఎండాకాలం, చలికాలం పనులు రెండూ చెంగలయ్యకే ఇచ్చి, మెడలోని హారం తీసి బహూకరించాడు.

"మంత్రీ, ఆ పదేళ్ళ నిబంధన కొట్టేయండి."

"అంత తొందరెందుకు మహారాజా?" అన్నాడు చెంగలయ్య హారం సర్దుకుంటూ. "ఎలాగూ నేను లోపలికి వచ్చేశాను కదా, ఉండనివ్వండి!"

రాజు నవ్వు ఈసారి వీధి దాకా వినిపించింది.