కన్నుకొట్టే రాజకుమారుడు

అనగనగా, మీ తాతల తాతలకు కూడా తెలియనంత వెనక, ధవళకేతు అనే రాజు ఉండేవాడు. ఊఁ కొడుతూ వినండి, ఊఁ ఆగితే కథా ఆగుతుంది. ఆ రాజు ఒక దేవకన్యను పెళ్ళాడాడు. దేవతలు రెప్ప వేయరు కదా, ఆవిడా వేసేది కాదు. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయుడు తండ్రి పోలిక, రెండు కళ్ళూ రెప్పవేస్తాయి. నడిపివాడు దివ్యుడు తల్లి పోలిక, ఏ కన్నూ రెప్పవేయదు. చిన్నవాడు నందుడికి మాత్రం కుడికన్ను తల్లిది, ఎడమకన్ను తండ్రిది.

దాంతో వచ్చింది చిక్కు. నందుడు రెప్పవేసినప్పుడల్లా కన్నుకొట్టినట్టుండేది. ఒకరోజు కుమ్మరి కూతురు సింగారి సభకొచ్చి, "మహారాజా, మీ చిన్నబ్బాయి నన్ను చూసి కన్నుకొట్టాడండీ" అని ఫిర్యాదు చేసింది. నందుణ్ణి పిలిపించారు. అతను వచ్చి నిలబడి రాజుకీ, మంత్రికీ, పురోహితుడికీ కూడా కన్నుకొట్టాడు పాపం. సింగారికి నవ్వు ఆగలేదు. నందుడికి మాత్రం తల కొట్టేసినట్టయింది. అటు దేవుణ్ణీ కాను, ఇటు మనిషినీ కాను అని కుమిలిపోయాడు.

ఇలా ఉండగా కంటకుడనే మాయలమారి ఊళ్ళోని పిల్లలందర్నీ గులకరాళ్ళుగా మార్చి మూటకట్టుకుపోయాడు. సింగారి చెల్లెలు బుజ్జమ్మ కూడా ఆ మూటలోనే పోయింది. ఊళ్ళో ఏ ఇంటా పొయ్యి వెలగలేదు.

రాణి కొడుకులను పిలిచింది. "వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, ఇనుప పంజరంలోని చిలకలో ఉంది. ఆ దీవిలో అడుగుపెట్టాక చిలక మీంచి చూపు తప్పితే రాయైపోతారు. పంజరానికి తలుపు లేదు, తాళం లేదు. ఎలా తెరుచుకుంటుందో దేవతలకు కూడా తెలియదు" అంది.

విజయుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. దివ్యుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నందుడు బయల్దేరుతుంటే సింగారి ఎదురొచ్చింది. "నువ్వు దేవుడివో మనిషివో నాకక్కర్లేదు. మా బుజ్జమ్మను తీసుకురా" అంది.

సముద్రం ఒడ్డున ముసలి తాబేలు ఉంది. "మీ అన్నలిద్దర్నీ నేనే దాటించాను. పెద్దాయన దారంతా ఏడ్చాడు. నడిపాయన ఉలకలేదు, పలకలేదు. నీ సంగతేంటి?" అని అడిగింది.

"భయంగా ఉంది తాతా. అయినా వెళ్ళాలి."

"అయితే గట్టిగా పట్టుకో" అంది తాబేలు.

ఏడు సముద్రాలూ దాటారు. దీవి అంచునే విజయుడు రాయై ఉన్నాడు. పంజరం ముందు దివ్యుడు చిలకనే చూస్తూ నిలబడి ఉన్నాడు. చుట్టూ గులకరాళ్ళు. చిలక పిల్లల గొంతులతో పిలుస్తోంది: "అమ్మా, భయమేస్తోంది. అక్కా, ఆకలేస్తోంది. ముద్ద కలిపి పెట్టవూ?"

"అన్నయ్యా, నీకు వినబడటం లేదా?" అన్నాడు నందుడు.

"వినబడుతోంది. పెద్దన్నయ్య ఆ ఏడుపు విని కళ్ళు మూసుకున్నట్టున్నాడు, రాయైపోయాడు. నాకు మాత్రం ఆ ఏడుపునేం చేసుకోవాలో తెలియడం లేదు తమ్ముడూ."

ఆ ముద్ద మాట వినగానే నందుడి ఎడమకన్ను నిండిపోయి రెప్ప వాలింది. కుడికన్ను చిలక మీంచి కదల్లేదు. అతను వంగి పంజరం పట్టుకున్నాడు. కన్నీటిబొట్టు ఊచ మీద పడింది. ఆ ఉప్పుకు ఇనుము తుప్పుపట్టి పొడిపొడిగా రాలిపోయింది. నందుడు చిలకను పట్టుకున్నాడు.

కంటకుడు పరుగున వచ్చి కాళ్ళమీద పడ్డాడు. "నన్ను వదిలెయ్. నీ ఎడమకన్ను కూడా దేవతల కన్ను చేస్తాను. ఇంకెవరూ నిన్ను చూసి నవ్వరు."

నందుడి చెయ్యి ఆగింది. చిన్నప్పట్నుంచీ అతను కోరుకున్నది అదే మరి. "అప్పుడు బుజ్జమ్మ ఏడిస్తే నాకేమనిపిస్తుంది?" అని అడిగాడు.

"ఏమీ అనిపించదు. హాయిగా ఉంటుంది."

నందుడు ఒక్కసారి చిలక మెడ తిప్పేశాడు. కంటకుడు కూలిపోయాడు. విజయుడు లేచి కళ్ళు నులుముకున్నాడు. గులకరాళ్ళన్నీ పిల్లలై ఆకలి ఆకలి అంటూ నందుడి మీద పడ్డాయి. తాబేలు ఎన్నిసార్లు తిరిగిందో, పాపం, అందర్నీ ఒడ్డుకు చేర్చింది.

సింగారికీ నందుడికీ పెళ్ళయింది. ఊరివాళ్ళు నందుడి విగ్రహం పెట్టాలనుకున్నారు. శిల్పి ఉలి పట్టుకుని, "కళ్ళెలా చెక్కను?" అని అడిగాడు. దేవుడు కాబట్టి రెండూ తెరిచే ఉండాలన్నారు కొందరు. మనవాడే కదా, మనలాగే ఉండాలన్నారు కొందరు.

సింగారి అంది: "ఒకటి తెరిచి, ఒకటి మూసి చెక్కండి. మన పిల్లల్ని వదలకుండా చూసింది ఆ కన్ను. వాళ్ళ కోసం ఏడ్చింది ఈ కన్ను. ఒక్కటే ఉంటే మనకెందుకు?"

వాళ్ళిద్దరూ చాలాకాలం చల్లగా ఉన్నారు. ఇప్పటికీ ఆ ఊళ్ళో కష్టమొచ్చినవాళ్ళు ఆ విగ్రహం దగ్గరికి వెళతారు. ముందు చేతులు జోడించి మొక్కుతారు. తర్వాత అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోతే, కన్నుకొట్టి వస్తారు.